సీడెడ్ (రాయలసీమ) జిల్లాల్లో తొలితరం సినిమావాళ్ళ సంతకాల కాగితాలు: కొనేముందు, కొన్నాక

దర్శకుడు బి.ఎన్. రెడ్డి, తమ్ముడు, నిర్మాత బి. నాగిరెడ్డి కడప జిల్లావాళ్ళు. దర్శకుడు కె.వి. రెడ్డి, వాహినీ సినిమా సంస్థకు పెట్టుబడి పెట్టిన మూలా నారాయణస్వామి తాడిపత్రివాళ్ళు. సినిమాలు మద్రాసులో తీసినా, అప్పులూ హక్కులూ చుట్టాల మధ్య, ఊళ్ళ మధ్య నడిచాయి. అందుకే వెతకాల్సింది పాత థియేటర్ల కుటుంబాల ట్రంకు పెట్టెల్లో, ఆడిటర్ల అటకల మీద, తూకానికి కొనే పాత పేపర్ల కొట్లలో. కొట్టుకు వెళ్తే మూట విప్పకముందే వెళ్ళండి. విప్పాక జత కాగితాలు చెదిరిపోతాయి. రశీదుకు దాని కవరింగ్ లెటర్ తోడుంటేనే విలువ.

సంతకం చూడ్డం చివరికి పెట్టుకోండి, ముందు కాగితం చదవండి. మొత్తం రూపాయలు, అణాలు, పైలలో ఉందా? 1957 ఏప్రిల్ 1 ముందు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. 1948 వోచర్‌లో 75 పైసలు కనిపిస్తే అక్కడే ఆపేయండి. లెటర్‌హెడ్‌లో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాత అచ్చయిందే. యూవీ టార్చి కింద కాగితం నీలంగా మెరిస్తే 1940ల ముందుది కాదు. ఆ తెల్లదనం పెంచే రసాయనం తర్వాత వచ్చింది.

అసలు పరీక్ష రెవెన్యూ స్టాంపు. 20 రూపాయలు దాటిన రశీదుకు అణా స్టాంపు అతికించి, దాని మీదుగా సంతకం పెట్టేవాళ్ళు. పది రెట్ల భూతద్దంతో అంచు చూడండి. నిజమైనదైతే కలం స్టాంపు అంచు పళ్ళకు తట్టుకుని ఇంకు అక్కడ చుక్కలా పేరుకుంటుంది, గీత మాత్రం కాగితం మీదికి అదే వాలులో సాగుతుంది. వేరే రశీదు నుంచి ఊడదీసి అతికిస్తే గీత అంచు దగ్గరే తెగుతుంది. 1948 రశీదు స్టాంపు మీద బ్రిటిష్ రాజు బొమ్మ ఉందని మాత్రం నకిలీ అనకండి, పాత స్టాకు వాడుకున్నారు.

ఎక్కువమంది మోసపోయేది ఇనిషియల్స్ దగ్గర. 'బి.ఎన్. రెడ్డి' అంటే అన్న నరసింహారెడ్డి. అది నాగిరెడ్డి సంతకమని అమ్మేవాళ్ళున్నారు, తెలియక కొందరు, తెలిసే కొందరు. సంతకం పైన 'ఫర్' అని ఉంటే పెట్టింది మేనేజరు కావచ్చు. రబ్బరు స్టాంపు సంతకమైతే గీతల మందం అంతటా ఒకేలా ఉంటుంది.

కొన్నాక తుప్పు పట్టిన స్టేపుల్ పిన్నును లాగొద్దు. దానికి రెండు వైపులా పల్చని పాలిస్టర్ ముక్క దూర్చి, కాళ్ళు మెల్లగా ఎత్తి తీయండి. సెల్లోటేపు, ఫెవికాల్, లామినేషన్ మూడూ వద్దు. మన ఎండలకు పెళుసెక్కిన మడత విప్పాలంటే గట్టి మూతున్న టబ్బులో తడిగుడ్డ పరిచి, దానికి తగలకుండా జల్లెడ మీద కాగితం పెట్టి కొన్ని గంటలు ఉంచాలి. అయితే సంతకం ఊదా కాపీయింగ్ పెన్సిలుదైతే ఈ పని అసలు చేయొద్దు, తేమ తగిలిందంటే అలుక్కుపోతుంది. అనుమానముంటే మడతతోనే దాచండి. పీవీసీ కవర్లు కాకుండా పాలిస్టర్ కవర్లు వాడండి.

అమ్మినాయన దగ్గర తేదీ, కాగితం వివరం, అది ఏ ఇంటి పెట్టెలోదో రాసిన చీటీ తీసుకోండి. చారిత్రక విలువున్న పత్రానికి 75 ఏళ్ళు దాటితే అది 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. విదేశాల్లో కొనేవాళ్ళు ఎంత ఇస్తామన్నా పంపకూడదు.