రీల్ చూసి "అన్నా, ఇది తెప్పిస్తావా?" అని అడిగే ముందు

తిరుపతిలో మాది చేపల తొట్లు, పక్షుల మేత అమ్మే చిన్న కొట్టు. ఒకప్పుడు గోల్డ్ ఫిష్ జత ఎంత అని అడిగేవాళ్ళు. ఇప్పుడు వస్తూనే ఫోను నా ముఖం మీద పెడతారు.

పోయిన నెల ఇంటర్ అబ్బాయి ఒకడు స్లో లోరిస్ అనే పెద్ద కళ్ళ బుల్లి అడవి జంతువు వీడియో చూపించాడు. ఎవరో చంకలో గిలిగింతలు పెడుతుంటే అది రెండు చేతులూ పైకెత్తి ఉంది. "ఎంత ఎంజాయ్ చేస్తోందో చూడన్నా!" ఇలాంటిదే ఒకటి 2009లో యూట్యూబ్‌లో తెగ తిరిగింది. దాని కింద "నాకూ ఒకటి కావాలి" అని రాసినవాళ్ళకు లెక్కే లేదు.

వాడికి చెప్పిందే మీకూ చెబుతాను. ముందు పాట ఆపెయ్యండి. సగం ముద్దు ఆ పాటలోనే ఉంటుంది. తర్వాత మనిషి చేతినీ, పైనున్న అక్షరాలనూ బొటనవేలితో మూసి, జంతువును మాత్రమే మూడుసార్లు చూడండి. మూడోసారికి వాడే అన్నాడు, "అన్నా, ఇది బిగుసుకుపోయింది కదా?" అవును. స్లో లోరిస్‌కు మోచేతి లోపలివైపు ఒక గ్రంథి ఉంటుంది. భయమేస్తే చేతులెత్తి దాన్ని నాకుతుంది. ఆ ద్రవం ఉమ్మితో కలిస్తే కాటు విషమవుతుంది. అందుకే అమ్మేవాళ్ళు ముందే దాని పళ్ళు కత్తిరించేస్తారు. దాని చుట్టమే మన శేషాచలం కొండల్లో ఉండే దేవాంగపిల్లి అంటే వాడు నమ్మలేదు.

ఆ తర్వాత వీడియోలో పగలా రాత్రా చూడండి. షుగర్ గ్లైడర్ అనే ఉడుతలాంటి బుల్లి జంతువు చొక్కా జేబులో ఒదిగి ఉందంటే మన మీద ప్రేమ అనుకుంటాం. అది రాత్రి తిరిగే జీవి, పగలు దానికి నిద్రవేళ. అర్ధరాత్రి రెండింటికి కుక్కపిల్లలా అరిచేటప్పుడు ఎవరూ రీల్ తీయరు.

ఇగ్వానా అనే పెద్ద బల్లి అయితే పైన దీపం ఉందేమో వెతకండి. అతినీలలోహిత కాంతి అందకపోతే దాని ఎముకలు మెత్తబడతాయి, దవడ రబ్బరులా అయిపోతుంది. జానెడు పిల్ల పెరిగి ఐదడుగులు దాటుతుంది. కరెంటు పోతే ఏం చేస్తారు? ఇంట్లో కుక్కను చూసే డాక్టరుకు ఫోన్ చేసి "ఇగ్వానాను చూస్తారా సార్?" అని కొనకముందే అడగండి. వెటర్నరీ యూనివర్సిటీ ఉన్న ఊరే మనది, అయినా అడగాల్సిందే.

కాగితాల సంగతి. రామచిలుక, నక్షత్ర తాబేలు లాంటి మన అడవి జీవులను ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. "మా తాతల కాలం నుంచీ ఉంది" అంటే చెల్లదు. మకావ్ చిలుక, బాల్ పైథాన్ అనే కొండచిలువ లాంటి విదేశీవాటిలో చట్టం నాలుగో షెడ్యూల్లో, అంటే జాబితాలో, ఉన్నవాటిని చేతికొచ్చిన ముప్పై రోజుల్లో కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్లో నమోదు చేయాలి. ఈ రూల్ 2024లో వచ్చింది. అమ్మేవాడు "బిల్లు అడగొద్దు బ్రో" అన్నాడంటే ఫోన్ పెట్టేయండి.

ఇంత చెబుతున్న నేనేమీ ఋషిని కాను. చెవి దగ్గర ఎర్ర చార ఉండే బుల్లి తాబేళ్ళు నేనూ అమ్మాను. అమెరికా జాతి, ఐదు రూపాయల బిళ్ళంత ఉంటాయి. అడుగు దాకా పెరుగుతాయనీ, ముప్పై ఏళ్ళు బతకగలవనీ కొనేవాళ్ళకు చెప్పలేదు. వాళ్ళు అడగలేదు, నేను నోరు విప్పలేదు. ఒకాయన రెండేళ్ళకు విసుగొచ్చి ఊరి చెరువులో వదిలేశానని నవ్వుతూ చెప్పాడు. ఆ రోజు అన్నం సహించలేదు.

ఇప్పటికే కొనేసుంటే ఆ పని మాత్రం చేయకండి. మన చెరువు తాబేళ్ళ తిండీ చోటూ ఇవి లాక్కుంటాయి. కొన్నచోటే తిరిగి ఇవ్వండి, తీసుకోకపోతే అటవీ శాఖను అడగండి. మా కొట్టు వెనక సిమెంటు తొట్టిలో అలా తిరిగొచ్చినవి ఏడున్నాయి. పొద్దున్నే మూత తీస్తే ఏడూ ఒకేసారి మెడలు చాస్తాయి.