అద్దె అపార్ట్‌మెంట్ పాఠాలు – 3: పోపు, పొగ, అలారం

గత పాఠంలో లీజు కాగితాలు చూశాం. ఇప్పుడు వంటగదిలోకి వద్దాం. షికాగోలో కొత్తగా కాపురం పెట్టినవాళ్లకి తొలి వారంలోనే ఎదురయ్యే తంటా ఇది: చారుకి పోపు వేయగానే స్మోక్ అలారం చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. కంగారులో కొందరు బ్యాటరీ పీకేస్తారు, కొందరు దానికి ప్లాస్టిక్ కవరు తొడుగుతారు. దయచేసి ఈ రెండూ చేయకండి. షికాగో ఉన్న ఇల్లినాయ్ రాష్ట్ర చట్టం ప్రకారం బ్యాటరీ తీసేయడం నేరం. అంతకంటే ముఖ్యం, గాఢనిద్రలో ఉండగా ఇంట్లో పొగ కమ్మితే మిమ్మల్ని, పిల్లల్ని లేపేది అదొక్కటే. మార్చుకోవలసింది మనం పోపు పెట్టే పద్ధతిని.

మొదట అలారం ఎక్కడుందో చూడండి. పడుకునే ప్రతి గదికీ 15 అడుగుల లోపు ఒకటి ఉండాలని ఇల్లినాయ్ నిబంధన. స్టూడియో ఇంట్లో మంచం, పొయ్యి ఒకే గదిలో ఉంటాయి కాబట్టి అలారం పొయ్యికి మరీ దగ్గరైపోతుంది. పొయ్యికి కనీసం 10 అడుగుల దూరంలో ఉంటే ఉత్తుత్తి మోతలు బాగా తగ్గుతాయి. వెనక చీటీ మీద అయోనైజేషన్ రకం అని ఉంటే అది కాగిన నూనె ఆవిరికే మోగే అవకాశం ఎక్కువ. ఫోటోఎలక్ట్రిక్ రకం పెట్టమని, వీలైతే కాస్త దూరం జరపమని బిల్డింగ్ మేనేజ్‌మెంట్‌కి ఈమెయిల్ రాయండి. ఇలాంటివి నోటిమాటగా అడిగితే మరుగున పడిపోతాయి.

ఇక పొయ్యి మీది ఫ్యాన్. అన్ని ఫ్యాన్లూ పొగను బయటికి పంపవు, చాలామందికి ఇది తెలియదు. పొయ్యి పైన మైక్రోవేవ్ ఉంటే, ఫ్యాన్ వేసి దాని తలుపు పైనున్న సందుల దగ్గర చెయ్యి పెట్టండి. గాలి ముఖానికి కొడుతోందంటే ఆ ఫ్యాన్ పొగను కొంత వడకట్టి మళ్లీ గదిలోకే వదులుతోందని అర్థం. అలాంటప్పుడు కిటికీయే దిక్కు. జనవరి చలిలో కూడా రెండు వేళ్ల సందు తెరవండి, బాత్రూమ్ ఫ్యాన్ కూడా వేయండి. కింద ఉండే లోహపు జాలీ జిడ్డుతో మూసుకుపోతే ఏ ఫ్యానైనా దండగే. నెలకోసారి దాన్ని జారుడుగా బయటికి తీసి, వేడినీళ్లలో గిన్నెల సబ్బు కలిపి పావుగంట నానబెట్టి, కడిగి ఆరబెట్టండి.

చాలా అద్దె ఇళ్లలో చుట్టల (కాయిల్) కరెంటు పొయ్యి ఉంటుంది. గ్యాస్‌కి అలవాటైన చేతికి ఇది చిక్కు. స్విచ్ కట్టినా చుట్ట రెండు మూడు నిమిషాలు కాలుతూనే ఉంటుంది, ఆలోపు మిరపకాయ మాడిపోతుంది. 2018 తర్వాత తయారైన వాటిలో చుట్ట మరీ వేడెక్కితే దానంతటదే ఆగి, కాస్త చల్లారాక మళ్లీ వేడెక్కే ఏర్పాటు ఉంటుంది. దోసె వేస్తుండగా పెనం చల్లబడిందంటే పొయ్యి చెడిపోయిందని కంగారుపడకండి.

ఒక కప్పు పప్పుకి పోపు ఇలా పెట్టండి. ఐదు నిమిషాల ముందే ఫ్యాన్ వేయండి. కరివేపాకును గుడ్డతో తడి లేకుండా ఒత్తండి. తడి ఆకు వేడి నూనెలో పడితే నూనె తుంపరలుగా లేస్తుంది, అలారానికి పొగలా కనిపించేది ఆ తుంపరే. చిన్న గిన్నెలో రెండు టీస్పూన్ల నూనె పోసి, నాబ్ 10లో 4 దగ్గర ఉంచండి. ఒక్క ఆవగింజ వేసి చూడండి, చిటపటమంటే మిగతా ఆవాలు వేసి మూత పెట్టండి. నూనె పొగలు వచ్చేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమైనట్టు. ఆవాల చప్పుడు తగ్గుతుండగా మినప్పప్పు వేయండి. అది రంగు తిరగగానే స్విచ్ కట్టేయండి. ఆ మిగిలిన వేడి చాలు జీలకర్రకి, ఎండుమిర్చికి, ఇంగువకి, చివర్న కరివేపాకుకి. పది సెకన్లు తిప్పి, వెంటనే పప్పులో వంచి మూత వేయండి. గిన్నెను మళ్లీ వేడి చుట్ట మీద పెట్టకండి, అడుగున మిగిలిన నూనె మాడి అప్పుడు మోగుతుంది.

అయినా మోగితే గిన్నెను చల్లటి చుట్ట మీదికి జరిపి, అలారం మీది హష్ బొత్తాం నొక్కండి. సుమారు 8 నుంచి 10 నిమిషాలు ఊరుకుంటుంది. పొగ పోవాలని కారిడార్ వైపు తలుపు మాత్రం తెరవకండి. అక్కడి అలారం మొత్తం బిల్డింగ్‌కి ముడిపడి ఉండొచ్చు. అది మోగితే అందరూ మెట్లు దిగాలి, ఫైరింజన్ వచ్చి వాకిట్లో నిలబడుతుంది.

మోతల్లో తేడా గుర్తుపట్టండి. మూడు మోతలు, విరామం, మళ్లీ మూడు: పొగ. నిమిషానికి ఒకటి రెండుసార్లు కిచ్‌మంటే బ్యాటరీ అయిపోతోంది. నాలుగు మోతలు, విరామం, మళ్లీ నాలుగు వస్తే కార్బన్ మోనాక్సైడ్. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. కారణం వెతుకుతూ నిలబడకండి, అందరినీ తీసుకుని బయటికి వెళ్లి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయండి. చలికి తట్టుకోలేక గ్యాస్ ఓవెన్ తలుపు తెరిచి ఇల్లు వెచ్చబెట్టుకునే అలవాటు ఈ ప్రమాదాన్ని కొనితెస్తుంది. హీటింగ్ ఇవ్వడం ఓనర్ బాధ్యత అయిన ఇళ్లలో, సెప్టెంబర్ 15 నుంచి జూన్ 1 దాకా పగలు కనీసం 68, రాత్రి 66 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంచాలని షికాగో నిబంధన. అంత లేకపోతే నగరపాలక సంస్థ నంబరు 311కి ఫిర్యాదు చేయండి.

నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు, గిన్నె ఎత్తి సింకులో పెట్టకూడదు. పక్కనుంచి మూత జరిపి, స్విచ్ కట్టి, పూర్తిగా చల్లారేదాకా మూత తీయకండి. మంట మూతకి లొంగకపోతే బయటికి వెళ్లి తలుపు మూసి, 911.

ఈ వారం అభ్యాసం: అలారం టెస్ట్ బొత్తాం నొక్కి చూడండి, ఫ్యాన్ గాలి ఎటు పోతోందో పట్టుకోండి, పోపు గిన్నెకి సరిపోయే మూత ఒకటి పొయ్యి పక్కనే పెట్టండి. వచ్చే పాఠం సింకు కింద ఉండే గార్బేజ్ డిస్పోజల్ గురించి: అన్నం, కరివేపాకు, అరటి తొక్క అందులో ఎందుకు వేయకూడదో, ఆగిపోతే అడుగునున్న ఎర్ర బొత్తాంతో ఎలా నడిపించాలో చూద్దాం.