కుక్కకు దురద, కడుపులో పురుగులు మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఏం చేయాలి?

మా చుక్కి వీధిలో దొరికిన నాటు కుక్క. చెన్నై వేళచ్చేరిలో మాది గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. పోయిన ఏడాది దాని తోక మొదట్లో బొచ్చు ఊడి ఎర్రగా పొక్కులు వచ్చాయి. మందు రాస్తే పది రోజుల్లో తగ్గేవి, నెల తిరక్కుండా మళ్ళీ అక్కడే లేచేవి. మధ్యలో ఒకరోజు అది పడుకునే చాప మీద బియ్యపు గింజలాంటిది కనబడింది. నెల్లూరు నుంచి వచ్చి ఉన్న అత్తయ్య చూసి, "అన్నం మెతుకేలే" అంది. మెతుకైతే కదలదు కదా!

చర్మానికి ఒక డాక్టరు, కడుపుకు ఒక మాత్ర అని విడివిడిగా తిరిగి తిరిగి చివరికి తెలుసుకున్నదేమిటంటే, మా చుక్కి విషయంలో రెండూ ఒకే దారిన వస్తున్నాయి. ఆ దారి పేరు ఫ్లీస్. మనం గోమార్లు, పిడుదులు అనేవి వేరు. అవి చర్మానికి అతుక్కుని రక్తం తాగి ఉబ్బుతాయి. ఫ్లీస్ నువ్వుగింజంత ఉంటాయి, బొచ్చులో చకచకా పరుగెత్తుతాయి, పట్టుకోబోతే దూకేస్తాయి. కొన్ని కుక్కలకు వాటి ఉమ్మి పడదు. నాలుగు కాట్లు చాలు, రోజుల తరబడి గోక్కుంటాయి. దురద తట్టుకోలేక పళ్ళతో కొరుక్కునేటప్పుడు ఫ్లీ ఒకటి నోట్లోకి పోతుంది. దాని ఒంట్లో బద్దెపురుగు (టేప్‌వార్మ్) పిల్ల ఉంటే అది కుక్క పేగులో పెరుగుతుంది. ఆ బద్దెపురుగు ముక్కే మా చాప మీద కదిలింది.

ముందు తడి టిష్యూ పరీక్ష

ఫ్లీ కంటికి కనబడకపోయినా దాని రెట్ట దొరుకుతుంది. కుక్కను తెల్ల గుడ్డ మీద నిలబెట్టి, తోక మొదట్లో, నడుము మీద సన్నపళ్ళ దువ్వెనతో దువ్వండి. మిరియాల పొడిలా నల్లటి నలకలు రాలితే వాటిని తడి టిష్యూ మీద వేసి ఒక నిమిషం ఆగండి. మామూలు దుమ్మైతే నల్లగానే ఉంటుంది. ఫ్లీ రెట్టైతే చుట్టూ తుప్పు రంగు మరక దిగుతుంది, ఎందుకంటే అది అరిగిన రక్తం. మొదటిసారి ఆ మరక చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఈ బిడ్డ రక్తమే కదా అనిపించింది.

అలాగని ప్రతి దురదా ఫ్లీస్ వల్లే కాదు. నడుము, తోక మొదలు అయితే ఫ్లీస్ మీద అనుమానం ఎక్కువ. చెవి అంచులు, మోచేతుల దగ్గర పక్కులు కట్టి విపరీతంగా గోక్కుంటుంటే గజ్జి కావచ్చు. పాదాలు నాకడం, చెవులు వాసన రావడం, పొట్ట ఎర్రబడటం ఉంటే అలర్జీ, దాని మీద చేరిన ఈస్ట్ అనే ఫంగస్ కావచ్చు. గుండ్రంగా బొచ్చు ఊడితే తామర కావచ్చు. గజ్జి, తామర మనకూ అంటుకుంటాయి. మీ చేతుల మీద, నడుం దగ్గర దద్దుర్లు వస్తే ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. పొక్కులున్న చోట్లను మందు రాయకముందే ఫోన్‌లో ఫోటో తీసి, తేదీతో ఉంచుకోండి. మూడోసారి వచ్చినప్పుడు ఆ ఫోటోలే డాక్టరుకు సగం కథ చెబుతాయి.

ఆ ట్యూబు పక్కన పెట్టండి

నేను చేసిన పెద్ద తప్పు ఇదే. మందుల షాపులో ఒకాయన, "ఇది రాయండమ్మా, అన్నిటికీ పనిచేస్తుంది" అని ఒక ట్యూబు ఇచ్చాడు. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిసిన క్రీము. రెండో రోజుకే ఎరుపు తగ్గింది, నేను మురిసిపోయాను. స్టెరాయిడ్ దురదను అణచిపెడుతుంది, కానీ దానికి కారణం లోపల అలాగే ఉంటుంది. గజ్జి, తామర లాంటివైతే స్టెరాయిడ్‌తో ఇంకా ముదురుతాయి. పైగా రాసిన క్రీమునంతా కుక్క నాకేస్తుంది. కర్పూరం కలిపిన కొబ్బరినూనె, టీ ట్రీ నూనె, నీళ్ళు కలపని డెట్టాల్ లాంటివి కూడా వద్దు. కర్పూరం, టీ ట్రీ నూనె కుక్కలకు విషం. మా అత్తయ్య వేపాకు నీళ్ళు పోస్తుంటే మాత్రం నేను అడ్డు చెప్పలేదు. దానితో చుక్కికి తగ్గిందీ లేదు, చెడిందీ లేదు, ఇంట్లో గొడవ మాత్రం తప్పింది.

చర్మం గీరి మైక్రోస్కోపులో చూడటం, టేపు అంటించి తీసి చూడటం అనేవి చిన్న పరీక్షలు. ఇవి చేయకుండా మూడోసారి కూడా అదే మందు రాసిస్తుంటే, "ఒకసారి స్క్రాపింగ్ చేస్తారా సార్?" అని అడగడంలో తప్పు లేదు. చెన్నైలో వేపేరిలోని మద్రాసు వెటర్నరీ కాలేజీ 1903లో మొదలైంది. దానికి ఆసుపత్రి కూడా ఉంది. మొండి చర్మ రోగమైతే అక్కడికి వెళ్ళవచ్చు.

స్నానం: పది నిమిషాల ఓపిక

బాక్టీరియా, ఈస్ట్ చేరిన చర్మానికి సాధారణంగా క్లోర్‌హెక్సిడిన్ ఉన్న షాంపూ రాసిస్తారు, ఒక్కోసారి మికోనజోల్ కూడా కలిపి ఉంటుంది. మనుషుల షాంపూ కుక్క చర్మానికి సరిపడదు. వారానికి రెండుసార్లు, డాక్టరు ఆపమనే వరకు చేయించాలి. అసలు కిటుకు నురగ పది నిమిషాలు ఒంటి మీద ఉండటం. అది లేకపోతే షాంపూ కాలవలోకి, డబ్బు దాని వెంట. పది నిమిషాలు తడి కుక్కను పట్టుకోవడమంటే మాటలు కాదు. నేను బాత్రూం గోడకు కాస్త పీనట్ బటర్ రాస్తాను, అది నాకుతూ నిలబడుతుంది. అందులో జైలిటాల్ అనే తీపి పదార్థం లేదని డబ్బా మీద చూసి కొనండి, అది కుక్కలకు ప్రాణాంతకం. తర్వాత వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ పడే వానల్లో సందులు ఎప్పుడూ చెమ్మగానే ఉంటాయి, ఈస్ట్‌కు అంతకన్నా ఏం కావాలి?

యాంటీబయాటిక్ ఇస్తే పొక్కులు మానాయని మధ్యలో ఆపకండి. నేను అలా ఆపితే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

పురుగుల మాత్ర: ముందు తూకం

కుక్కను ఎత్తుకుని వెయింగ్ మెషీన్ ఎక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కండి. తేడానే దాని బరువు. చాలా కాంబినేషన్ మాత్రలు 10 కిలోలకు ఒకటి లెక్కన ఉంటాయి, అయినా స్ట్రిప్ చూసి, డాక్టరును అడిగి వేయండి. సగం మాత్ర వేస్తే సగం పురుగులు కాదు, అసలు పనే జరగకపోవచ్చు.

ఏ పురుగు అన్నది ముఖ్యం. బద్దెపురుగుకు మాత్రలో ప్రాజిక్వాంటెల్ అనే మందు ఉండాలి, వట్టి పైరాంటెల్ అనే మందు దాని మీద పనిచేయదు. సేమియాలా పొడవుగా, తెల్లగా పడేవి ఏలికపాములు. కొంకిపురుగులు కంటికి ఆనవు, పేగు గోడ పట్టుకుని రక్తం తాగుతాయి. కుక్కపిల్లకు చిగుళ్ళు పాలిపోయి, విరేచనం తారులా నల్లగా ఉంటే ఆరోజే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఇంట్లో పిల్లలకు వేసే ఆల్బెండజోల్ దీనికి వేయకండి, కుక్కల్లో ఎముక మజ్జకు హాని చేయవచ్చు. ఐవర్‌మెక్టిన్ కూడా సొంతంగా వద్దు. కోలీ లాంటి జాతుల్లో చాలావాటికి అది మెదడుకెక్కి ప్రాణం మీదికి వస్తుంది. జ్వరంగా, నీరసంగా ఉన్న కుక్కకు ముందు చూపించి తర్వాతే మాత్ర.

కుక్కపిల్లలకు రెండు వారాల వయసు నుంచే మొదలుపెట్టి రెండు వారాలకోసారి, మూడు నెలలు దాటాక ఆరు నెలల దాకా నెలకోసారి, ఆ తర్వాత మామూలుగా మూడు నెలలకోసారి ఇస్తారు.

ఇక్కడ నాకు తల తిరిగిన విషయం ఒకటుంది. మాత్ర వేసిన మూడు వారాలకు మళ్ళీ బియ్యపు గింజలు కనబడ్డాయి. మందు నకిలీదని టెన్షన్ పడ్డాను. డాక్టరు గారు నవ్వి, "మందు పనిచేసిందమ్మా. ఆ పురుగులు చచ్చాయి, ఇవి కొత్తవి. ఇంకో ఫ్లీని మింగింది. దాని చాప ఎప్పుడు ఉతికారు?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

ఇల్లు కూడా రోగే

ఫ్లీ జనాభాలో కుక్క మీద కనబడేది సుమారు 5 శాతమే. మిగతావి గుడ్లు, పురుగు పిల్లలు, గూళ్ళుగా చాపలో, సోఫా సందుల్లో, మంచం కింద ఉంటాయి. గూటిలో ఉన్నవాటిని స్ప్రే కూడా అంటదు, నెలల తరబడి అలాగే ఉండి అడుగుల అదురు తగలగానే బయటికి దూకుతాయి. అందుకే మందు వేశాక కూడా కొన్ని వారాలు ఫ్లీస్ కనబడతాయి. ఒక నెల వేసి ఆపితే లెక్క మొదటికి వస్తుంది, కనీసం మూడు నెలలు ఆపకుండా సాగాలి.

కుక్కకు నెలకోసారి ఇచ్చే నమిలే మాత్ర, మెడ మీద వేసే చుక్కల మందు, 12 వారాలు పనిచేసే మాత్ర ఉన్నాయి. ఇంతకుముందు ఫిట్స్ వచ్చిన కుక్కైతే ఆ మాట ముందే చెప్పండి, నమిలే మాత్రల్లో కొన్ని దానికి సరిపడవు. చుక్కల మందుకు ముందూ వెనకా రెండు రోజులు స్నానం వద్దు. ఇంట్లో పిల్లి ఉంటే పర్మెత్రిన్ ఉన్న కుక్కల మందు తేవద్దు, పిల్లికి అది విషం. ఇంట్లో కుక్కలన్నిటికీ ఒకేరోజు వేయాలి.

చాప, దుప్పటి వారానికోసారి బాగా వేడి నీళ్ళలో ఉతికి ఎండలో వేయండి. చెన్నై ఎండ మీద ఎన్ని తిట్లున్నా ఈ ఒక్క పనికి దండం పెట్టాలి. సోఫా సందుల్లో వాక్యూమ్ పట్టి, ఆ దుమ్మును సంచిలో కట్టి వెంటనే బయట పడేయండి. చలి లేని ఊరు కాబట్టి ఫ్లీస్‌కు ఇక్కడ సెలవుల్లేవు, ఏడాది పొడవునా మందు నడవాల్సిందే.

మలం ఎత్తేయడం, నమూనా పట్టుకెళ్ళడం

ఏలికపాము గుడ్లు అంటుకునే స్థితికి రావడానికి రెండు వారాలకు పైగా పడుతుంది, కొంకిపురుగు పిల్లలకు వారం చాలు. అదేరోజు ఎత్తేస్తే ఆ గొలుసు తెగుతుంది. కొంకిపురుగు పిల్లలు తడి ఇసుకలో నుంచి అరికాలి చర్మంలోకే దూరతాయి, కాబట్టి బెసెంట్ నగర్ బీచ్‌కు పోయినా చెప్పులు విప్పకండి. మీ పిల్లలు ఇసుకలో ఆడితే చేతులు సబ్బుతో కడిగించండి.

మాత్ర వేసిన రెండు మూడు వారాల తర్వాత మలం పరీక్ష చేయించండి. గుడ్లు రోజూ ఒకేలా పడవు కాబట్టి మూడు రోజుల నమూనా అయితే మేలు. బద్దెపురుగు ముక్క ఒక్కోసారి పరీక్షలో దొరకదు, చాప మీద కనబడితే దాన్నే చిన్న డబ్బాలో వేసుకెళ్ళండి. నమూనా తాజాగా ఉండాలి, ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టవచ్చు. మా అత్తయ్య ఉన్నన్నాళ్ళు మా ఇంట్లో ఆ పని జరగదు. అందుకే పొద్దున ఆరింటికే డబ్బా పట్టుకుని చుక్కి వెనకాల నడుస్తాను.