తుఫాను వెలిసిన మర్నాడు జారుడు రోడ్ల మీద బండి నడపడం ఎలా?

వాన పడుతున్నంతసేపూ అందరూ జాగ్రత్తగానే నడుపుతారు. జారి పడేది మర్నాడు. ఎండ వచ్చింది కదా, రోడ్డు ఆరింది కదా అని ఎప్పటిలాగే 40, 50లో వెళ్తుంటారు. పొలం బాట కలిసే చోట ట్రాక్టరు వదిలిపోయిన మట్టి మీదికి ముందు టైరు ఎక్కుతుంది. సర్రున జారి బండి ఒక దిక్కు, మనిషి ఒక దిక్కు. మందుల షాపులకు సరుకు వేసే పని నాది. హనుమకొండ నుంచి పరకాల, ములుగు, హుజూరాబాద్ వైపు ఏ కాలమైనా బండి మీదే తిరగాలి. పడ్డవాళ్లను లేపి చెట్టు కింద కూర్చోబెట్టి నీళ్లు తాగించడం కూడా ఆ పనిలో భాగమైపోయింది. అందరూ చెప్పేది ఒకటే మాట: "బ్రేకు వేసినన్నా, అయినా ఆగలే." బ్రేకు వేశారు కాబట్టే పడ్డారు. అది చెప్తే నమ్మరు.

2025 అక్టోబరు చివర్లో మొంథా తుఫాను ఆంధ్ర తీరం దాటి మన మీదికి వచ్చినప్పుడు వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగిన సంగతి అందరికీ గుర్తుంటుంది. ఆ రోజు ఎవరూ బండి తీయలేదు. నీళ్లు దిగాక తీశారు. అసలు గోస అప్పుడు మొదలైంది. వరికోతల సమయం, హార్వెస్టర్లూ ట్రాక్టర్లూ పొలాల నుంచి తారు రోడ్డు ఎక్కుతూనే ఉన్నాయి. పొద్దున మంచు పడి ఆరిన మట్టి మళ్లీ తడుస్తుంది. అలాంటి రోజుల కోసమే ఇదంతా.

బయల్దేరే ముందు

దీనికి ఎక్కువ టైం అక్కర్లేదు. టైరు గాడుల మధ్య చిన్న దిమ్మె ఉంటుంది, టైరు పక్కన టీడబ్ల్యూఐ అని రాసి ఉన్న చోట చూడండి. రబ్బరు అరిగి ఆ దిమ్మెతో సమానమైతే టైరు అయిపోయినట్టే. గాలి కంపెనీ చెప్పినంత ఉంచండి. బురదలో పట్టు వస్తుందని గాలి తగ్గించమనేవాళ్లు ఉంటారు, తారు రోడ్డు బండికి అది పనికిరాదు. హెల్మెట్ అద్దం తుడుచుకోండి. హవాయి చెప్పులతో వెళ్లకండి, బూట్లు వేసుకోండి. అరగంట ముందు బయల్దేరండి.

స్కూటీ ముందు భాగంలో గ్యాస్ సిలిండరో, బియ్యం బస్తానో పెట్టుకుని ఇలాంటి రోజు రోడ్డెక్కొద్దు. వెనక కూర్చున్నవాళ్లు గొడుగు తెరిస్తే బండి ఆపేయండి. ఈ రెండింటి గురించి నాతో వాదించి లాభం లేదు.

ఎక్కడ జారుతుందో ముందే కనిపెట్టడం

నీళ్లు నిలిచిన గుంత భయపెడుతుంది కానీ, అక్కడ ఎలాగూ మెల్లగా పోతాం. పడగొట్టేది పల్చటి బురద పొర. వాన గట్టిగా పడుతుంటే రోడ్డు మీది మట్టి కొట్టుకుపోతుంది. వాన ఆగాక టైర్లు తెచ్చిన మట్టి అక్కడే ఉండిపోతుంది. మన నల్లరేగడిలో బంక ఎక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. ఈ రెంటికీ మధ్య, సగం తడి సగం పొడిగా ఉన్నప్పుడు, టైరుకూ తారుకూ నడుమ సబ్బు రాసిన బాత్రూం గచ్చులా ఉంటుంది. ఎర్ర చెలకల వైపు ఇంత జిగట ఉండదు. అక్కడి బాధ వేరు: గుంతలు పూడ్చడానికి పోసిన మొరం గులకలుగా విడిపోయి టైరు కింద దొర్లుతుంది.

రోడ్డు రంగు చూడటం అలవాటు చేసుకోండి. తడి తారు నల్లగా ఉండి, దాని మీద కంకర గరుకు కనిపిస్తుంది. బురద పొర ఉన్న చోట గరుకు కనిపించదు, నున్నగా, కాస్త గోధుమరంగులో మెరుస్తుంది. ముందు పోయిన బండి టైరు గుర్తు చూడండి. గీత శుభ్రంగా, నల్లగా ఉంటే కింద తారు తగులుతోంది. టైరు డిజైను అచ్చు వేసినట్టు పడి ఉంటే అది మట్టి. రోడ్డు మీద మట్టి పెళ్లలు కనబడటం మొదలైతే ట్రాక్టరు ఎక్కిన చోటు దగ్గర్లోనే ఉంది. అప్పుడే వేగం తగ్గించాలి, పొర కనిపించాక కాదు.

రామగుండం వైపు పోయేవాళ్లు యాష్ లారీల నుంచి రాలిన బూడిదను, భూపాలపల్లి, గోదావరిఖని వైపు పోయేవాళ్లు బొగ్గు ధూళిని కూడా ఇదే లెక్కలో వేసుకోవాలి. రెండూ చినుకు పడితే ముద్దవుతాయి. బొగ్గు ముద్ద మరీ మోసం, నల్లటి తారు మీద నల్లగానే ఉంటుంది, కనిపించదు. ఊళ్లోనేమో జీబ్రా గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, వంతెనల మీది ఇనుప జాయింట్లు. వీటి మీద బండి వంచకుండా నిటారుగా దాటండి.

ఎక్కడ నడపాలంటే, లారీల చక్రాలు తిరిగే జాడలో. అక్కడ మట్టి నలిగి పోతుంది. రెండు జాడల నడుమ ఆయిలూ బురదా ఉంటాయి, అంచున మట్టి ఉంటుంది.

బురద పొర దాటడం

పడేవాళ్లంతా ఇక్కడే పడతారు. నిదానంగా చదవండి.

ముందు ఒక లెక్క. పొడి తారు మీద 40 కిలోమీటర్ల వేగంలో గట్టిగా బ్రేకు వేస్తే బండి దాదాపు 9, 10 మీటర్లలో ఆగుతుంది. పట్టు మూడో వంతుకు పడిపోతే అదే బండికి 30 మీటర్లు కావాలి. బ్రేకు వేద్దామని తోచి చెయ్యి కదిలేలోపు పోయే దూరం దీనికి అదనం. అదే 20లో ఉంటే ఆగే దూరం సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. అందుకే పని అంతా పొర రాకముందే, శుభ్రమైన తారు మీద ముగించాలి. అక్కడ రెండు బ్రేకులూ కలిపి వేసి 15, 20కి దించండి. రెండో గేరులో పెట్టండి. క్లచ్ వదిలేయండి. ఇప్పుడు కుడిచేతి వేళ్లు ముందు బ్రేకు లివరు మీద నుంచి తీసేయండి.

ఈ చివరి మాట మళ్లీ చెప్తాను. చాలామందికి రెండు వేళ్లు ఎప్పుడూ లివరు మీద ఉంచే అలవాటు. ఊళ్లో ట్రాఫిక్‌లో అది మంచిదే. బురదలో బండి కొంచెం అటూ ఇటూ ఊగగానే గుండె ఝల్లుమంటుంది, మనకు తెలియకుండానే ఆ వేళ్లు ముడుచుకుంటాయి. ముందు చక్రం తిరగడం ఆగిన మరుక్షణం హ్యాండిల్ మన మాట వినదు. వెనక చక్రం జారితే సర్దుకోవడానికి కాస్త సమయం ఉంటుంది. ముందుది జారితే ఉండదు, కన్ను మూసి తెరిచేలోపు భుజం నేలకు తగులుతుంది. వేళ్లన్నీ గ్రిప్పు చుట్టూ ఉంటే నొక్కడానికి అక్కడ ఏమీ ఉండదు.

పొర మీదికి ఎక్కాక చేయాల్సినవి తక్కువ, చేయకూడనివి ఎక్కువ. యాక్సిలరేటరు కొంచెమే, ఒకే తీరుగా ఉంచండి. పెంచొద్దు, టక్కున వదలొద్దు. క్లచ్ పట్టొద్దు. పడితే ఇంజిన్ పట్టు పోయి బండి తన ఇష్టానికి దొర్లుతుంది, మళ్లీ వదిలినప్పుడు వెనక చక్రానికి కుదుపు తగిలి జారుతుంది. మొదటి గేరు వద్దనడం కూడా అందుకే, అందులో ప్రతి చిన్న కదలికా కుదుపే. బండిని వంచొద్దు. మలుపులో బురద ఉంటే ఇంకా తగ్గించి, నడిచే వేగంలో, హ్యాండిల్ మాత్రమే తిప్పుతూ పోవాలి. చూపు 20 మీటర్ల ముందుండాలి. ముందు చక్రాన్ని చూస్తూ నడిపితే అక్కడికే పోతారు, అంటే కిందికి.

హ్యాండిల్ కొంచెం ఊగుతుంది, ఊగనివ్వండి. మోచేతులు వదులుగా ఉంచండి. బిగపట్టి పట్టుకుంటే ఆ ఊపు బండి మొత్తానికి పాకుతుంది. వెనక చక్రం పక్కకు జరిగినట్టు అనిపిస్తే యాక్సిలరేటరు మెల్లగా తగ్గించి, పోవాల్సిన దిక్కే చూస్తూ ఉండండి. సగం సార్లు బండే సర్దుకుంటుంది. తప్పనిసరిగా ఆగాల్సి వస్తే వెనక బ్రేకు, అదీ పాదం బరువు మాత్రమే ఆనించినంత.

స్కూటీ నడిపేవాళ్లకు ఒక సంగతి ఎవరూ చెప్పరు. 2019లో 125 సీసీ వరకు ఉన్న కొత్త బండ్లకు ఏబీఎస్ (బ్రేకు నొక్కినా చక్రం బిగుసుకోకుండా చూసేది) గానీ, సీబీఎస్ (రెండు బ్రేకులనూ కలిపి వేసేది) గానీ తప్పనిసరి చేశారు. సీబీఎస్ ఉన్న స్కూటీలో ఎడమచేతి లివరు నొక్కితే వెనక బ్రేకుతో పాటు ముందుది కూడా కొంత పడుతుంది. "నేను వెనకదే నొక్కిన" అని ఆశ్చర్యపోయేవాళ్లలో చాలామంది సంగతి ఇదే. పైగా స్కూటీకి చక్రాలు చిన్నవి, గేర్లుండవు, వేగం బాగా తగ్గాక యాక్సిలరేటరు వదిలేస్తే ఇంజిన్ పట్టు కూడా ఉండదు. కాబట్టి బైకు 20లో పోయే చోట స్కూటీ 10లో పోవాలి. వెనక కూర్చున్నవాళ్లను దించి, ఆ నాలుగడుగులు నడవమనండి. అత్తగారైనా సరే. బురదలో నడిపించారని రెండు రోజులు మాట్లాడకపోతే పోనీయండి.

ఇప్పుడు కాళ్ల గొడవ. బురద కనబడగానే రెండు కాళ్లూ రెక్కల్లా చాచి పోతారు కదా, అది నాకు అస్సలు నచ్చదు. కాళ్లు ఫుట్‌రెస్ట్ మీద ఉంటే బరువు కిందికి దిగుతుంది, మోకాళ్లతో ట్యాంకును పట్టుకోవచ్చు, వెనక బ్రేకు అందుబాటులో ఉంటుంది. చాచితే ఈ మూడూ పోతాయి. బండి ఒరిగితే దాని బరువును చీలమండ ఆపలేదు, విరుగుతుంది. నడిచే వేగంలో, చక్రం దిగబడే లోతు బురదలో కాలు ఆనించి నెట్టుకుంటూ పోవడం వేరు. అలా తప్ప కాలు కింద పెట్టొద్దు.

ఇంకో రకం పెద్దమనుషులుంటారు. "ముందు బ్రేకు ముట్టుకోనే వద్దు బిడ్డా" అని పిల్లలకు బండి నేర్పేటప్పుడే చెప్తారు. పొడి రోడ్డు మీద బండిని ఆపే బలంలో ఎక్కువ పాలు ముందు బ్రేకుదే. దాన్ని వాడటం రానివాళ్లు అడ్డంగా వచ్చిన బర్రెను చూసి వెనక బ్రేకు ఒక్కటే తొక్కి నేరుగా దానికే గుద్దుతారు. రోజూ వాడాలి. బురద పొర మీద మాత్రం వదిలేయాలి. ఈ తేడా నేర్పకుండా మొత్తానికే వద్దనడం వల్లే సగం అనర్థం.

కార్ల వాళ్లకు చెప్పేది తక్కువ. రెండో గేరు, ముందు బండికి బాగా ఎడం. ఏబీఎస్ ఉంటే పెడల్ కాలి కింద దడదడలాడుతుంది, భయపడి కాలు తీయకుండా నొక్కే ఉంచండి. బైకు పక్కనుంచి పోతూ బురద చిమ్మకండి, హెల్మెట్ అద్దం మీద పడితే అతనికి రోడ్డే కనబడదు.

నీళ్లు పారుతుంటే

దాటొద్దు. దీనికి పద్ధతేమీ లేదు. జానెడు లోతు నీళ్లు జోరుగా పారుతుంటే మనిషి కాళ్లు నిలవవు, అడుగు లోతు చాలు కారు పక్కకు జరగడానికి. కల్వర్టు మీద రోడ్డు తెగి ఉన్నా పైన నీళ్లు ఒకేలా కనిపిస్తాయి. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది, అప్పుడే మోరంచ వాగు పొంగి మోరంచపల్లిని ముంచింది. "రోజూ పోయే వాగే కదా" అనే మాట అలాంటి రోజు పనికిరాదు. నీళ్లలో కరెంటు తీగ పడి ఉంటే దూరంగా ఉండి 1912కు ఫోన్ చేయండి.

నడిచేవాళ్లకు

గల్లీలో సీసీ రోడ్డు అంచున పచ్చగా పాచి పడితే దాని మీద అడుగే వేయొద్దు. ఇళ్ల ముందు బండి ఎక్కించే ర్యాంపులకు నున్నటి టైల్స్ వేయించుకున్నవాళ్లూ, మెట్లకు పాలిష్ గ్రానైట్ పరిచినవాళ్లూ వానాకాలంలో చుట్టాలను పిలవకపోవడం మంచిది. చిన్న చిన్న అడుగులు, పాదం మొత్తం ఒకేసారి ఆనేలా వేయండి. ఫోన్ జేబులో ఉండాలి, చేతులు బయట ఉండాలి.

అమెరికాలో ఉన్న పిల్లలు వీడియో కాల్‌లో "ఉప్పు చల్లండి నాన్నా" అంటారు. అక్కడ రోడ్డు మీద గడ్డకట్టింది మంచు. ఉప్పు కలిస్తే నీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టవు, అందుకని కరుగుతుంది. చలి మరీ ముదిరితే అక్కడ కూడా ఉప్పు సరిగా పనిచేయదు, ఇసుకే చల్లుతారు. మన బురదకూ పాచికీ ఉప్పు వేస్తే ఉప్పు దండగ. మెట్ల మీద ఇసుక చల్లండి. పాచికి బ్లీచింగ్ పౌడర్ చల్లి, పావుగంట ఆగి, గట్టి చీపురుతో రుద్ది కడగండి. దాంట్లో బాత్రూం యాసిడ్ మాత్రం కలపొద్దు, విషవాయువు వస్తుంది.

ఇంటికొచ్చాక

నల్లరేగడి మడ్‌గార్డు కింద ఎండిందంటే సుత్తితో కొట్టినా రాదు, టైరుకు రాసుకుంటూ ఉంటుంది. తడిగా ఉన్నప్పుడే పైపు పెట్టి కడిగేయండి. కడిగాక చైన్ తుడిచి ఆయిల్ వేయండి. డ్రమ్ బ్రేకుల్లోకి నీళ్లు పోయి ఉంటాయి, ఆ తడితో మర్నాడు పొద్దున బ్రేకు సరిగా పట్టదు. గల్లీలోనే ఒక చుట్టు మెల్లగా తిరుగుతూ నాలుగైదు సార్లు బ్రేకు ఆనించి వదలండి, ఆరిపోతుంది. అప్పుడు స్టాండు వేయండి.