బ్రస్సెల్స్ సెక్యూరిటీ ఎక్స్ఛేంజ్‌కి బయల్దేరేముందు

అమెరికా నుంచి, బ్రస్సెల్స్‌లోని నాటో హెడ్‌క్వార్టర్స్ విజిట్ ఉన్న యంగ్ ప్రొఫెషనల్స్ ప్రోగ్రామ్‌కి సెలెక్ట్ అయ్యారా, ముందు పాస్‌పోర్ట్ తీసి చూస్కోండి.

– ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే షెంగెన్ వీసా (బెల్జియంతో పాటు చాలా యూరప్ దేశాలకి పనికొచ్చే వీసా) కావాలి, 6 నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజులన్నా ముందు ఇవ్వాలి, 30,000 యూరోల కవర్ ఉన్న ఇన్సూరెన్స్ కూడా అడుగుతారు, దీన్ని మాత్రం ఆఖరి నిమిషానికి వదిలేయకండి ప్లీజ్.

– ఆర్గనైజర్లకి పంపే పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే పొల్లు పోకుండా ఉండాలి, మన ఇంటిపేర్లు ఊరికే ముందూ వెనకా అయిపోతుంటాయి.

– సెక్యూరిటీ క్లియరెన్స్ (ప్రభుత్వ రహస్య సమాచారం చూసే అనుమతి) ఉంటే ఫారిన్ ట్రిప్ గురించి ఆఫీసులో ముందే చెప్పాలి.

– అక్కడి మీటింగుల్లో చాటమ్ హౌస్ రూల్ అన్నారంటే, విన్నది వాడుకోవచ్చు, ఎవరన్నారో చెప్పకూడదు. నోట్‌బుక్‌లో మాట పక్కన పేరు రాయకండి, సెల్ఫీ కింద క్యాప్షన్ పెట్టేముందు కూడా ఒకసారి ఆగండి.