ఇండెక్స్ రీలోడ్‌కు ముందు: ఖాళీ క్యాచీకి ట్రాఫిక్ అప్పగించకండి

ఈ మధ్య మా బృందం సోలర్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్ మీద నడిపే ఒక సెర్చ్ వ్యవస్థ కొత్త ఇండెక్స్‌లోకి (వెతకడానికి పత్రాల నుంచి ముందే కట్టి ఉంచే పట్టికలోకి) మారిన నాలుగు నిమిషాలకే కుప్పకూలింది. రాత్రి ముగియవలసిన రీబిల్డ్ ఆలస్యమై రద్దీ మొదలయ్యాక పూర్తయింది. పూర్తయిన మరుక్షణమే స్క్రిప్టు పాత కోర్‌ను (ఒక ఇండెక్స్, దాని సెట్టింగులు కలిసిన విభాగాన్ని) తప్పించి కొత్తదాన్ని సేవలోకి దించింది. డేటాలో తప్పు లేదు, ఇండెక్స్ పాడవలేదు, డిస్కు నిండలేదు. ఒకసారి లెక్కించిన ఫలితాలను మళ్లీ వాడుకోవడానికి మెమరీలో దాచే క్యాచీ గణాంకాలలో మాత్రం హిట్ రేషియో, అంటే అడిగినది క్యాచీలోనే దొరికిన నిష్పత్తి, 0.91 నుంచి 0.03కు పడిపోయి ఉంది. మా మూడు సర్వర్లలో జవాబు ఆలస్యమైన మొదటిదాన్ని లోడ్ బ్యాలెన్సర్ (సర్వర్ల మధ్య అభ్యర్థనలను పంచేది) పనిచేయడం లేదనుకొని పక్కన పెట్టడంతో దాని భారమంతా మిగిలిన రెండింటి మీద పడింది; అవి కూడా అప్పుడే ఇండెక్స్ మార్చుకొని ఖాళీగా ఉన్నవే. కంగారులో మూడింటినీ రీస్టార్ట్ చేశాం, దాంతో ఆ కాసేపట్లో పోగైన కొద్దిపాటి క్యాచీ కూడా పోయింది.

బ్యాకప్, డిస్కులో ఖాళీ స్థలం వంటివి అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోవడం లేదు. నేను పదే పదే చూసిన తప్పు ఒక్కటే: క్యాచీ ఖాళీగా ఉన్న ఇండెక్స్‌కు ట్రాఫిక్ అప్పగించడం.

పాత క్యాచీలో ఏది దక్కుతుంది, ఏది దక్కదు

క్యాచీలోని ఫలితాలను ఒక ఫైలులో దాచి కొత్త ఇండెక్స్ వచ్చాక మళ్లీ ఎక్కిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. సోలర్ ఫిల్టర్ క్యాచీలో (ఫలితాలను కుదించే షరతులకు సరిపోయిన పత్రాల జాబితాలు దాచే చోట) ఉండేవి పత్రాలు కావు, సోలర్ లోపల పనిచేసే లూసీన్ లైబ్రరీ వాటికి ఇచ్చిన అంతర్గత సంఖ్యలు. సెగ్మెంట్లు (ఇండెక్స్‌లోని ముక్కలు) విలీనమైనా, ఇండెక్స్‌ను మొదటినుంచి కట్టినా ఆ సంఖ్యలు మారిపోతాయి. నిన్న ఒక సంఖ్య సూచించిన పత్రం వేరు, ఇవాళ అదే సంఖ్య సూచించే పత్రం వేరు. పాత విలువలు ఎక్కిస్తే సెర్చ్ వేగంగానే నడుస్తుంది, జవాబులు మాత్రం తప్పుగా వస్తాయి. కాబట్టి నిలుపుకోవలసింది కీలను, అంటే జనం నిజంగా అడిగిన క్వెరీలను. విలువలను కొత్త ఇండెక్స్ మీద మళ్లీ లెక్కించుకోవాలి. సోలర్‌లోని ఆటోవార్మ్ చేసే పని ఇదే. డాక్యుమెంట్ క్యాచీలో కీయే అంతర్గత సంఖ్య కావడం వల్ల దానికి ఆటోవార్మ్ కుదరదు.

మా కాన్ఫిగరేషన్‌లో ఆటోవార్మ్ ఉంది, అయినా ఆదుకోలేదు. కమిట్ (కొత్త మార్పులను ఇండెక్స్‌లో ఖాయం చేయడం) తర్వాత అదే కోర్‌లో కొత్త సెర్చర్ (ఇండెక్స్‌ను చదివి జవాబులిచ్చే భాగం) తెరుచుకున్నప్పుడు మాత్రమే అది పాత సెర్చర్ నుంచి కీలను తీసుకుంటుంది. పక్కన కొత్త కోర్ కట్టి స్వాప్ (తారుమారు) చేసినా, ఎలాస్టిక్‌సెర్చ్ అనే మరో సెర్చ్ సాఫ్ట్‌వేర్‌లో అలియాస్‌ను (ఇండెక్స్‌కు పెట్టిన మారుపేరును) కొత్త ఇండెక్స్ వైపు తిప్పినా, కీలు అందుకోవడానికి అక్కడ పాత సెర్చర్ అంటూ ఉండదు. ఈ పద్ధతుల్లో క్వెరీ లాగ్ నుంచి ఎక్కువగా వచ్చే క్వెరీలను, ఫిల్టర్లు, సార్ట్, ఫేసెట్లతో (వర్గాలవారీ లెక్కలతో) సహా, మారకముందే కొత్తదాని మీద మీరే నడపాలి. అవి నడిచి హిట్ రేషియో నిలదొక్కుకునేదాకా ట్రాఫిక్ అప్పగించవద్దు.

సమయం, మెమరీ

ఒక్కో ఫిల్టర్‌కు 200 మిల్లీసెకన్లు పడితే 512 కీలను ఒకదాని తర్వాత ఒకటి లెక్కించడానికి 102 సెకన్లు కావాలి. కమిట్ నిమిషానికొకసారి వస్తుంటే మొదటి వార్మప్ (ఇలా క్యాచీ నింపుకోవడం) ముగియకముందే రెండో కమిట్ వచ్చిపడుతుంది. గణాంకాలలో వార్మప్ టైమ్ చూసి, కమిట్ల మధ్య విరామం దానికంటే చాలా ఎక్కువగా ఉండేటట్టు పెట్టుకోవాలి. కోటి పత్రాల ఇండెక్స్‌లో బిట్‌సెట్‌గా (పత్రానికొక బిట్ చొప్పున) దాచిన ఒక్క ఫిల్టర్ 1.25 మెగాబైట్లు, అలాంటివి 512 ఉంటే 640 మెగాబైట్లు. వార్మప్ జరుగుతున్నంతసేపు పాతదీ కొత్తదీ రెండూ మెమరీలో ఉంటాయి కనుక హీప్‌ను (ప్రోగ్రాముకు కేటాయించిన మెమరీని) ఈ లెక్కకు రెండింతలకు సరిపోయేటట్టు చూసుకోవాలి.

ఇక మిగిలినవి వరుసగా రాస్తున్నాను.

అన్ని సర్వర్లలో ఒకేసారి రీలోడ్ చేయవద్దు. ఒకటి మార్చి, దాని క్యాచీ నిండాకే రెండోదాన్ని ముట్టుకోండి.

ప్రతి పత్రం తర్వాత అప్లికేషన్ నుంచి కమిట్ పంపవద్దు. సెర్చర్‌ను తెరిచే ప్రతి కమిట్ క్యాచీని ఖాళీ చేసే ఒక రీలోడే.

ఫిల్టర్‌లో మిల్లీసెకన్ల వరకు ఉండే ప్రస్తుత సమయాన్ని పెట్టవద్దు. ఆ కీ మళ్లీ ఎన్నడూ రాదు, దాన్ని వార్మప్ చేసినా వృథాయే. రోజుకో గంటకో కుదించండి.

రద్దీకి ముందు ఆప్టిమైజ్ (సెగ్మెంట్లను కలిపేయడం) నడపవద్దు. సెగ్మెంట్లన్నీ కొత్త ఫైళ్లుగా తిరగరాయబడి, ఆపరేటింగ్ సిస్టమ్ పేజీ క్యాచీలో (చదివిన ఫైళ్లను మెమరీలో ఉంచుకునే చోట) ఉన్న పాత ఫైళ్లు పనికిరాకుండా పోతాయి.

సర్వర్ మొదలయ్యేటప్పుడు యూజ్‌కోల్డ్‌సెర్చర్ (వార్మప్ కాని సెర్చర్‌నే వాడాలా అనే సెట్టింగు) విలువ ఫాల్స్‌గానే ఉండాలి. ఫస్ట్‌సెర్చర్ (మొదటి సెర్చర్‌ను వార్మప్ చేసే క్వెరీల) జాబితాలో నమూనా క్వెరీలు వదిలేయకుండా మీ క్వెరీలు రాయండి.

హెల్త్ చెక్ (సర్వర్ సిద్ధంగా ఉందో లేదో చూసే పరీక్ష) పోర్టు తెరుచుకుందా అని మాత్రమే చూస్తే దాన్ని నమ్మవద్దు. వార్మప్ ముగిసిందని తేలేదాకా అది సర్వర్‌ను సిద్ధంగా లేనట్టే చూపాలి.

రీబిల్డ్ ఆలస్యమైతే స్క్రిప్టు ఆగిపోవాలి. రద్దీ వేళ మనిషి చూడకుండా స్వాప్ జరగకూడదు.

పాత కోర్‌ను వెంటనే తొలగించవద్దు.

మారిన తర్వాత సర్వర్ నెమ్మదిస్తే రీస్టార్ట్ చేయవద్దు. ట్రాఫిక్‌ను పాత కోర్‌కు తిప్పండి. పాతది లేకపోతే వచ్చే అభ్యర్థనలలో కొంత భాగాన్ని బయటే ఆపి, హిట్ రేషియో పెరిగేకొద్దీ కొద్దికొద్దిగా లోపలికి వదలండి.