ఏడో తరగతి తప్పు నుంచి తరగతి గది పరిశోధన దాకా

బెంగళూరులో కె.ఆర్. పురం అవతల నేను గణితం చెప్పే బడిలో చాలామంది పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపుల నుంచి పనుల కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలవి. పాఠం ఇంగ్లీషులో, ఆటస్థలంలో మాట కన్నడంలో, లెక్క మాత్రం మనసులో తెలుగులో సాగుతుంది. ఒకనాడు 0.7, 0.35లలో ఏది పెద్దదని అడిగితే మదనపల్లె వైపు అమ్మాయి ఒకతె తడుముకోకుండా 0.35 అంది. ఎందుకమ్మా అని అడిగాను. "ముప్పై ఐదు కదా మిస్, ఏడు కన్నా పెద్దది" అని, ఇంత తేలిక విషయం ఎందుకు అడుగుతున్నానా అన్నట్టు చూసింది. అంతకుముందు చాలా ఏళ్లు అలాంటి జవాబులను ఎర్రసిరాతో కొట్టేసి ముందుకు వెళ్లాను. ఆ రోజు మాత్రం ఆమె చెప్పిన కారణాన్ని ఆమె మాటల్లోనే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తరగతి గది పరిశోధన అక్కడి నుంచే మొదలవుతుందని నా నమ్మకం.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు బోధిస్తూ, సొంత తరగతిలోనే ఒక చిన్న అధ్యయనం చేయాలనుకునే ఉపాధ్యాయుల కోసం ఈ వివరణ రాస్తున్నాను. 2020 జాతీయ విద్యావిధానం బడి చదువును 5+3+3+4 ఏళ్ల నాలుగు మెట్లుగా విడదీసి, ఈ మూడు తరగతులను మూడో మెట్టుగా, 11 నుంచి 14 ఏళ్ల పిల్లల దశగా గుర్తించింది. సొంత పనిలో ఒక మార్పు చేసి, దాని ఫలితాన్ని తామే పరిశీలించే పద్ధతిని మనం బి.ఎడ్.లో చర్యాత్మక పరిశోధన అని చదువుకున్నాం. మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ 1946లో ప్రచురించిన వ్యాసంతో ఆ పేరును ప్రచారంలోకి తెచ్చాడు. స్టీఫెన్ కోరీ 1953లో దాన్ని బడులకు అన్వయించాడు. ఇంగ్లండులో లారెన్స్ స్టెన్‌హౌస్ 1975లో ఉపాధ్యాయుడే పరిశోధకుడన్న వాదాన్ని బలంగా ముందుకు తెచ్చాడు. మన దేశంలో 1986 విద్యావిధానం తర్వాత ఏర్పడిన జిల్లా విద్యా శిక్షణ సంస్థలకు అప్పగించిన పనుల్లో కూడా ఇది ఒకటి. చరిత్ర ఇంతవరకు తెలిస్తే చాలు.

ప్రశ్నను ఇరుకు చేయడం

"పిల్లలకు గణితం ఎందుకు రావడం లేదు?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టిన అధ్యయనం ఏ తీరానికీ చేరదు. ప్రశ్న మీ చేతిలో ఉన్న పీరియడ్లలో, ఒక టర్ములో తేలేదిగా ఉండాలి. మీరు మార్చగలిగిన అంశం గురించే ఉండాలి. ఏం కనబడితే మీ ఊహ తప్పని ఒప్పుకుంటారో ముందే రాసుకునే వీలుండాలి. ఈ మూడోది చాలామంది వదిలేస్తారు. నా ప్రశ్న చివరికి ఇలా కుదిరింది: దశాంశ బిందువు తర్వాతి అంకెలను కలిపి "పాయింట్ ముప్పై ఐదు" అని చదవడం మాని, "పాయింట్ మూడు, ఐదు" అని విడివిడిగా చదివిస్తూ స్థాన విలువలు చెప్పిస్తే, పొడవైన దశాంశమే పెద్దదన్న భావన ఏడో తరగతి పిల్లల్లో తగ్గుతుందా? తెలుగు పిల్లలే కాదు, కన్నడ పిల్లలు కూడా "మూవత్తైదు" అని కలిపే చదువుతున్నారని గమనించాక ఈ ప్రశ్న నాకు మరింత గట్టిదనిపించింది.

ప్రశ్న కుదిరాక ఇతరులు చేసిన పనిని చదవాలి, కానీ గ్రంథాలయమంతా అక్కర్లేదు. మీ తరగతి స్థాయికి దగ్గరగా ఉన్న రెండు మూడు అధ్యయనాలు చాలు. ఉదాహరణకు 8 + 4 = □ + 5 అన్న ఖాళీని నింపమని అమెరికాలో 145 మంది ఆరో తరగతి పిల్లలను అడిగితే, అందరూ 12 లేదా 17 అనే అనుకున్నారని 1999లో ప్రచురితమైన ఒక అధ్యయనం చెబుతుంది. సరైన జవాబు 7. సమాన గుర్తు అంటే "ఇక జవాబు రాయి" అన్న ఆజ్ఞగా పిల్లలు భావిస్తున్నారని దాని అర్థం. ఇలాంటివి చదివేటప్పుడు పిల్లలెందరు, ఏ తరగతి, ఏ దేశం, ఎన్నాళ్ల బోధన అన్నవి ఒక కాగితంపై రాసుకోండి. ఆ తర్వాత అదే ప్రశ్నను మీ తరగతిలో బోర్డు మీద వేసి చూడండి. అయిదు నిమిషాలు చాలు.

తప్పుల వెనుక కారణాలను విడదీసే ప్రశ్నపత్రం

ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన చోటు ఇదే. పాఠానికి ముందు పెట్టే పూర్వ పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చాయన్నది మీకు పెద్దగా ఉపయోగపడదు. ఏ ఆలోచనతో ఆ జవాబు వచ్చిందో చెప్పేలా ప్రశ్నలుండాలి. దశాంశాల్లో ఒకదానికొకటి వ్యతిరేకమైన రెండు పొరపాట్లుంటాయి. కొందరు పొడవైనదే పెద్దదనుకుంటారు. వారు 4.8, 4.63లలో 4.63ను ఎంచుకుని తప్పుతారు, కానీ 5.736, 5.62లలో 5.736ను ఎంచుకుని, తప్పుడు కారణంతోనే సరైన జవాబు రాస్తారు. మరికొందరు పొట్టిదే పెద్దదనుకుంటారు; పదో వంతు కన్నా వెయ్యో వంతు చిన్నది కాబట్టి వెయ్యో వంతుల దాకా పోయిన సంఖ్య చిన్నదే అయి ఉండాలని వారి తర్కం. వీరు మొదటి జతలో సరైన జవాబు రాసి, రెండో జతలో తప్పుతారు. మీ పత్రంలో మొదటి రకం జతలే ఉంటే, ఈ రెండో గుంపు పిల్లలకు అంతా వచ్చిందని పొరబడతారు. మూడో గుంపు కూడా ఉంది: దశాంశాలను రూపాయలు, పైసలుగా చదివేవారు. 4.45, 4.4502 ఇస్తే రెండూ సమానమంటారు, ఎందుకంటే పైసలు రెండంకెలతో అయిపోతాయి.

రెండింటిలో ఒకటి ఎంచుకునే ప్రశ్నలో గుడ్డిగా గీసినా సగం సార్లు సరిపోతుంది. ఒకే రకం జతలు మూడు ఇస్తే, మూడూ గుడ్డిగా సరిపోయే అవకాశం ఎనిమిదింట ఒకటికి తగ్గుతుంది. కాబట్టి ఈ మూడు రకాలకూ రకానికి మూడు చొప్పున, వరుస కలిపేసి, తొమ్మిది ప్రశ్నలు పెట్టండి. ఈ పత్రాలు తిరిగి ఇచ్చేటప్పుడు మార్కులు వేయకండి. ఇజ్రాయెల్ పిల్లలతో రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన అధ్యయనంలో, వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లల పని మెరుగైంది. మార్కు, వ్యాఖ్య రెండూ అందుకున్నవారికి ఆ మేలు దక్కలేదు.

పిల్లలతో కూర్చోవడం

పత్రాలను తప్పుల రకాన్ని బట్టి కట్టలుగా వేరుచేసి, ఒక్కో కట్ట నుంచి ముగ్గురిని పిలిచి, ఒక్కొక్కరితో పది నిమిషాలు మాట్లాడండి. భోజన విరామంలో స్టాఫ్‌రూము ఎదుట నిలబెట్టి అడిగితే పిల్లలు దాన్ని శిక్షగా భావిస్తారు. కిటికీ పక్కన బెంచీ మీద మీ పక్కనే కూర్చోబెట్టుకోండి. "ఇది తప్పు కదా?" అని అడగకండి, "దీన్ని ఎలా ఆలోచించావు?" అని అడగండి. అడిగాక ఆగండి. ఉపాధ్యాయులు ప్రశ్న వేసి సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారని, దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవవుతాయని, జవాబే రాకపోవడం తగ్గుతుందని అమెరికాలో మేరీ బడ్ రో 1970లలో చూపించింది. మూడు సెకన్లు రాయడానికి తేలికే కానీ, పిల్లవాడు మౌనంగా మీ ముఖం చూస్తున్నప్పుడు చాలా పొడవుగా అనిపిస్తాయి.

ఏ భాషలో మాట్లాడాలన్నది పిల్లలకే వదిలేయండి. తెలుగులో చెప్పినదాన్ని తెలుగులోనే రాసుకోండి. ఇంగ్లీషులోకి మార్చి రాసుకుంటే సాక్ష్యం అక్కడే చెదిరిపోతుంది. "ముప్పై ఐదు కదా మిస్" అన్న మాటలోనే కారణం ఉంది, "0.35 పెద్దదని చెప్పింది" అని రాసుకుంటే ఆ కారణం మాయమవుతుంది. కన్నడ, తమిళం మాట్లాడే పిల్లల దగ్గర ఆ భాష వచ్చిన తోటి ఉపాధ్యాయులను కూర్చోబెట్టుకోండి.

ఆ అమ్మాయితో మాట్లాడుతున్నప్పుడు కూరగాయల అంగడిలోని ఎలక్ట్రానిక్ తూకం గుర్తొచ్చి, కాగితం మీద 0.350 అని, దాని కింద 0.700 అని రాశాను. "మూడు వందల యాభై గ్రాములు, ఏడు వందల గ్రాములు" అని చదివి, ఏడు వందలే పెద్దదని వెంటనే చెప్పింది. ఆ క్షణంలో సమస్య తీరిందని నేను సంబరపడ్డాను, కానీ తొందరపడ్డాను. చివర సున్నాలు చేర్చి పొడవు సమానం చేస్తే జవాబు సరిగ్గా వస్తుంది, అయినా బిందువు తర్వాతి అంకెలను పూర్ణసంఖ్యగా చదవడం అలాగే మిగిలిపోతుంది. అందుకే తర్వాత ఒక గీత గీసి, రెండు చివర్లా 0, 1 రాసి, 0.35 ఎక్కడుంటుందో చూపమన్నాను. ఆమె వేలు 1కి చాలా దగ్గరగా ఆగింది.

ఒక్క మార్పు, ఒక్క పోలిక

ఇప్పుడు బోధనలో ఒకే ఒక్క మార్పు చేయండి. చదివే తీరు మార్చి, కొత్త చార్టులు పెట్టి, గుంపులుగా కూర్చోబెట్టి, హోంవర్కు కూడా పెంచితే, ఫలితం దేనివల్ల వచ్చిందో మీరే చెప్పలేరు. నేను అంకెలను విడివిడిగా చదివించి, ప్రతి అంకెనూ పదో వంతులు, వందో వంతులుగా మీటరు బద్ద మీద చూపించాను. ఈ రెండింటినీ ఒకే మార్పుగా లెక్కించాను, అలాగే నివేదికలోనూ రాశాను. ప్రతి పీరియడ్ అయ్యాక ఆ రోజు నిజంగా ఏం జరిగిందో నాలుగు వాక్యాలు రాయండి. ప్రణాళికలో రాసింది చాలాసార్లు జరగదు. కరెంటు పోవడం, సంత దినం, వార్షికోత్సవ రిహార్సల్ అన్నీ అందులో ఉండాలి.

పోల్చడానికి రెండో సెక్షను దొరికితే మంచిదే. ఆ సెక్షనుకు మరొకరు బోధిస్తుంటే, మీరు కొలుస్తున్నది పద్ధతినా, ఉపాధ్యాయుల తేడానా అన్న సందేహం తీరదు. ఆ సంగతి దాచకుండా రాయండి. అధ్యయనం పూర్తయ్యాక ఆ సెక్షను పిల్లలకు కూడా అదే పాఠం చెప్పడం మన బాధ్యత.

నా మొదటి అధ్యయనం ఎందుకు చెడిందో ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇదే చోట జారతారు. పాఠం అయిన మర్నాడే, పూర్వ పరీక్ష ప్రశ్నలనే తిరిగి ఇచ్చి, మార్కులు పెరిగాయని సంతోషించాను. దసరా సెలవుల తర్వాత అవే భావాలను కొత్త సంఖ్యలతో అడిగితే, చాలామంది పాత దారికే వెళ్లిపోయారు. అప్పటి నుంచి ఉత్తర పరీక్షను రెండుసార్లు పెడుతున్నాను: పాఠం అయిన వారంలో ఒకసారి, నాలుగైదు వారాల తర్వాత మరోసారి. రెండింటికీ సంఖ్యలు వేరు, ప్రశ్నల రకాలు ఒకటే.

ఫలితాలు చూసేటప్పుడు సగటును నమ్ముకోకండి. నలభై మంది తరగతిలో ఒక్క పిల్లవాడు 2.5 శాతం, ఇద్దరు గైర్హాజరైతే చాలు, శాతం అటూఇటూ అవుతుంది. పూర్వ పరీక్షలో మరీ తక్కువ వచ్చినవారిని మాత్రమే ఎంచుకుని మళ్లీ పరీక్షిస్తే, ఏ బోధనా లేకుండానే వారి మార్కులు కొంత పెరుగుతాయి, ఎందుకంటే మొదటిసారి తగ్గడంలో కొంత దురదృష్టం కూడా ఉంటుంది. కాబట్టి మొత్తం తరగతినీ తీసుకుని ఒక పట్టిక గీయండి: అడ్డంగా ముందటి ఆలోచన, నిలువుగా తర్వాతి ఆలోచన. పొడవైనదే పెద్దదన్న గడి నుంచి ఎందరు సరైన గడికి వచ్చారు, ఎందరు పొట్టిదే పెద్దదన్న గడిలో పడ్డారు అన్నది అందులో కనిపిస్తుంది. ఈ రెండో కదలిక నా తరగతిలోనూ ఉంది. పదో వంతు కన్నా వందో వంతు చిన్నదని నేను పదే పదే చెప్పడమే కొందరిని అటు తోసిందని నా అనుమానం, నివేదికలో ముఖ్యంగా రాసిందీ అదే.

సమ్మతి, పేర్లు

హెడ్‌మాస్టరు గారి రాతపూర్వక అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి రెండూ పని మొదలుకాకముందే తీసుకోండి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది, వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కోరుతుంది. మాటలు ఫోనులో రికార్డు చేస్తే ఈ జాగ్రత్త మరింత అవసరం. ఉత్తరం తెలుగులో, కన్నడంలో రాయండి. చదవడం రాని తల్లిదండ్రులు బడి విడిచే వేళ గేటు దగ్గరికి వచ్చినప్పుడు నోటితో వివరించండి. ఆ పైన పిల్లలను కూడా అడగండి. వద్దన్న వారి పత్రాలను లెక్కలోకి తీసుకోకండి, ఆ కారణంగా వారి పట్ల మీ ప్రవర్తన మారకూడదు. పేర్ల బదులు సంకేత సంఖ్యలు వాడి, పేర్ల జాబితాను వేరే చోట భద్రపరచండి.

కర్ణాటకలో పనిచేసేవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఇక్కడ చాలాచోట్ల ఎనిమిదో తరగతి ఉన్నత పాఠశాలలో ఉంటుంది కాబట్టి, ఏడో తరగతి పిల్లలను మరుసటి ఏడు వెతకబోతే వారు బడి మారిపోయి ఉంటారు. ఆలస్యంగా పెట్టవలసిన పరీక్షను విద్యా సంవత్సరం ముగిసేలోపే, వీలైతే జనవరిలోనే పెట్టేయండి.

నివేదిక పది పన్నెండు పేజీలు దాటనక్కర్లేదు. ప్రశ్న, పిల్లల మాటలు, మీరు చేసిన మార్పు, పట్టిక, చెడినవి: ఈ వరుసలో రాయండి. ఒక ప్రతిని తోటి గణిత ఉపాధ్యాయులకు ఇచ్చి, అవే ప్రశ్నలను వారి తరగతిలో పెట్టి చూడమని కోరండి. మరొక రోజు ఒక పీరియడ్ కేటాయించి పిల్లలకు వారి పట్టికనే బోర్డు మీద గీసి, పేర్లు లేకుండా, చూపించండి. నేను అలా చూపిస్తుండగా వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి "0.4, 0.40 ఒకటే అయితే ఆ సున్నా ఎందుకు రాశారు మిస్?" అని అడిగాడు. అప్పటికప్పుడు చెప్పడానికి నా దగ్గర మంచి జవాబు లేకపోయింది. దాన్ని తేదీ వేసి, అతని మాటల్లోనే, జూన్‌లో మొదలుపెట్టబోయే నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను.